ఆదివారం నడుము కొలత, అందరూ రావాలె

అన్నలకు, అక్కలకు నమస్తే.

ఈ ఆదివారం పొద్దున 6 గంటలకు మహబూబ్‌నగర్ స్టేడియం గేటు దగ్గర బరువు, నడుము కొలుస్తం. పరగడుపున రండి. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం ఏదన్న తిని రావాలె.

టేపు ఎట్లంటే అట్ల చుట్టొద్దు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ పెట్టి, ఊపిరి వదిలినంక చూడాలె. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే షుగర్, బీపీ, కాలేయంలో కొవ్వు ముప్పు పెరుగుతది. బరువు మామూలుగ ఉన్నా సరే.

జొన్నరొట్టెకు మారినా బరువు తగ్గట్లేదని చాలామంది అడుగుతున్నరు. రొట్టె మారింది గాని లెక్క మారలే: నాలుగు రొట్టెలు, పైన నూనె తేలే కూర! రాత్రికి రెండు చాలు. పళ్లెంల సగం ఆకుకూర, బీరకాయ లాంటివి, ఒక గిన్నె గట్టి పప్పు. నూనె మనిషికి నెలకు అర లీటరే. నలుగురుంటే రెండు లీటర్లు, తొక్కులు, పోపులు అన్నీ కలిపి.

వారానికి అర కిలో తగ్గితే మంచిగనే తగ్గుతున్నట్టు. పస్తులుండొద్దు, రాత్రికి రెండింతలు తింటరు. ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండ తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తయి.

వచ్చేవాళ్లు శనివారం రాత్రి 8 లోపు ఇక్కడ పేరు పెట్టండి. పోయిన నెల కొలత రాసుకున్న కాగితం మరువొద్దు.