గుండె మాత్ర మానేసి విటమిన్ గోళీలా?

సంపాదకులకు నమస్కారం.

తెనాలిలో 23 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మొన్న ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో యాంటీఆక్సిడెంట్లు, అంటే విటమిన్ ఈ, సి, బీటా కెరోటిన్ లాంటి ఆక్సీకరణను ఆపే పదార్థాలు, గుండెపోటును అడ్డుకుంటాయని రాశారు. సోమవారం పొద్దున్నే ఆ కాగితం ముక్క మడిచి జేబులో పెట్టుకుని మా పాత ఖాతాదారు, రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చారు. రెండేళ్ల కిందట స్టెంటు వేయించుకున్నారు. ఎప్పటిలాగే నెలకు సరిపడా అటోర్వాస్టాటిన్ (చెడ్డ కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ జాతి మాత్ర) మూడు స్ట్రిప్పులు తీసి బల్ల మీద పెట్టాను. వాటిని నా వైపు నెట్టేసి, "ఇవి వద్దులే అబ్బాయ్, ఆ డబ్బులకి విటమిన్ ఈ గోళీలియ్యి" అన్నారు.

చెడ్డ కొలెస్ట్రాల్ రక్తనాళం గోడలో చేరి, ఆక్సీకరణ చెంది పూడికకు దారితీస్తుందని మీరు రాసింది నిజమే. ఆ ఆక్సీకరణను ఆపే మాత్ర మింగితే పూడిక ఆగుతుందని డాక్టర్లూ ఒకప్పుడు ఆశపడ్డారు. ఆశపడి ఊరుకోలేదు, వేసి చూశారు. 2000లో వెలువడిన 'హోప్' పరిశోధనలో తొమ్మిది వేల మందికి పైగా ఉన్నారు. నాలుగున్నరేళ్లు విటమిన్ ఈ వాడినవాళ్లకీ, వాడనివాళ్లకీ గుండెపోట్లలో తేడా రాలేదు. 2002లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 20,536 మందిని తీసుకుని, సగం మందికి ఈ, సి, బీటా కెరోటిన్ మూడూ కలిపి ఐదేళ్లు ఇచ్చారు. ఫలితం సున్నా. ఆ మనుషుల్లోనే స్టాటిన్ వేసుకున్న సగం మందికి మాత్రం గుండెపోటు, పక్షవాతం దాదాపు పావు వంతు తగ్గాయి. మాస్టారు నెట్టేసింది ఆ జాతి మాత్రనే!

పైగా ఆయనకు చుట్ట అలవాటు ఇంకా పోలేదు. పొగతాగేవాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని ఫిన్లాండ్‌లో 1994లోనే తేలింది. ఈ ముక్క మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఉసిరికాయ, గోంగూర, జామపండు తినమని రాయండి, సంతోషం. నేనూ తింటాను. కూరలో ఉన్నది వేరు, దాంట్లోంచి ఒక్కటి లాగి గోళీ చేసింది వేరు.

అరగంట చెప్పాక మాస్టారు ఒక్క స్ట్రిప్పు తీసుకెళ్లారు. మిగతా రెండూ ఆయన పేరు రాసి అరలో పెట్టాను. "పేపర్లో వేస్తే నమ్ముతాను" అన్నారు. డాక్టరు రాసిన మాత్ర మానొద్దని, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, ఈ ఆదివారమే వేయండి.

- ఒక మందుల షాపు యజమాని, తెనాలి