నేను చూసుకుంటాలే అన్నావు కదా, నాన్నా

చిరంజీవి నాన్నకి అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం. పాపకి జలుబు తగ్గింది, నిన్నటి నుంచి బడికి వెళుతోంది. మొన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అన్న మాట గురించే ఈ ఉత్తరం. మళ్ళీ ఫోన్ చేసి చెబుదామనుకున్నాను గానీ, నేను సగం చెప్పేలోపే నువ్వు అందుకుంటావు. కాగితం మీదైతే చివరిదాకా చదువుతావు.

సోమవారం మన పెద్దమనుషులు నలుగురు ఇంటికొచ్చారు. ఈసారి సర్పంచ్ సీటు మళ్ళీ ఆడవాళ్ళకే వచ్చేట్టుంది, వస్తే మీ కోడల్ని నిలబెడదాం, కుదిరితే ఏకగ్రీవం చేద్దాం అన్నారు. అమ్మాయి అక్కడే ఉంది. వాళ్ళకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది కూడా. ఆమెని మాత్రం ఒక్కరూ అడగలేదు. "అబ్బాయిని ఒక మాట అడిగి చెప్పండమ్మా" అని నాతో చెప్పి లేచారు. తప్పు నాదీ ఉంది. నేనూ ఆమె వైపు తిరగకుండా నీకే ఫోన్ చేశాను. నువ్వు ఒక్క నిమిషం ఆలోచించి, "సరేలేమ్మా, తన పేరు ఇచ్చేయండి, నేను చూసుకుంటాలే" అన్నావు.

2006లో నన్ను సర్పంచ్‌గా నిలబెట్టినప్పుడు మీ నాన్న అన్నది కూడా ఇదే మాట.

అప్పటికి నీకు పద్నాలుగేళ్ళు. మన కరపత్రం గుర్తుందా? పైన పెద్ద ఫొటో మీ నాన్నది, దండం పెడుతూ. కింద మూలన తపాలా బిళ్ళంత నాది, పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించి వేసింది. గెలిచాక మొదటి సమావేశానికి వెళ్ళేసరికి బల్ల వెనక కుర్చీలో ఆయన కూర్చుని ఉన్నారు. నాకు తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అది ఎవరికీ వింతగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే నాకు అనిపించకపోవడమే ఎక్కువ బాధగా ఉంటుంది. కొన్నాళ్ళకి ఆ ప్లాస్టిక్ కుర్చీతో కూడా పని లేకపోయింది, తీర్మానాల పుస్తకమే ఇంటికి రావడం మొదలైంది.

ఒకరోజు గారెలకి పప్పు రుబ్బుతున్నాను. సెక్రటరీ వాకిట్లో నిలబడి ఉన్నాడు. మీ నాన్న పుస్తకం లోపలికి తెచ్చి వంటగట్టు మీద పెట్టి, సంతకం చేయాల్సిన చోట బొటనవేలు ఆనించి చూపించారు. పైన రాసిందంతా ఆయన అరచేతి కిందే ఉంది. పెన్ను లేదంటే నీ బడి సంచిలోంచి తెచ్చిచ్చింది నువ్వే. "తొందరగా" అన్నారని చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేశాను. నా పేరులో చివరి అక్షరం మీద పిండి మరక పడింది.

ఆ మరకని నేను మళ్ళీ చూశాను. పదవి దిగిన మరుసటి సంవత్సరం ఆడిట్ అభ్యంతరం అని నోటీసొచ్చింది. ఒక మురుగుకాలవ పని, కొలతల పుస్తకంలో ఉన్నంత పొడవు నేల మీద లేదు. ఆఫీసుకి పిలిచి పాత పుస్తకం తెరిచి, "ఈ సంతకం మీదేనా?" అని అడిగారు. పిండి మరక పసుపు రంగుకి తిరిగి అలాగే ఉంది. నాదే అన్నాను. ఆ కాలవ ఏ వీధిలో ఉందో కూడా నాకు తెలియదు. మీ నాన్న పేరు ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. 38 వేలు కట్టాం, నీ ఇంజనీరింగ్ ఫీజుకని దాచినవి తీసి. అప్పుడు నీకు ఎరువుల బాకీ అని చెప్పాం.

మీ నాన్న అందులో ఒక్క రూపాయి తినలేదు. పని చేసినవాణ్ణి నమ్మారు, అంతే. ఆయన చెడ్డమనిషి కాదు, నన్ను ఏనాడూ మాట తూలలేదు. నాకు కష్టం లేకుండా చూడాలనే అంతా తన నెత్తిన వేసుకున్నారు. నువ్వూ అలాంటివాడివే కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. చెడ్డవాళ్ళ గురించైతే ఇంత చెప్పక్కర్లేదు.

"ఆయనకి తెలుసు, ఆమెకేం తెలుసు" అనేవాళ్ళు అందరూ. నిజమే, ఆయనకి తెలుసు. మరి ఆయనకి ఎలా తెలిసింది? పదహారేళ్ళ వయసు నుంచి మీ తాతయ్య వెంట రచ్చబండ దగ్గర కూర్చోబట్టి తెలిసింది. మండలాఫీసులో ఏ బల్ల దగ్గర ఏ కాగితం కదులుతుందో, ఎవరితో ఎలా మాట్లాడాలో అక్కడ కూర్చునే నేర్చుకున్నారు. ఆ వయసులో నన్ను వాకిలి దాటనివ్వలేదు. కూర్చోనివ్వకపోవడం ఒక తప్పు. కూర్చోలేదు కాబట్టి తెలియదు, తెలియదు కాబట్టి ఇప్పుడూ కూర్చోవద్దు అనడం రెండో తప్పు.

ఆడవాళ్ళకి ఊరి సంగతులు పట్టవని ఎవరైనా అంటే నాకు మా అమ్మ గుర్తొస్తుంది. 1992లో నేను పుట్టింట్లోనే ఉన్నాను, నువ్వు నెలల పిల్లాడివి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారన్న వార్త ఊరూరా పాకింది. రాత్రి బళ్ళలో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళే ముందు నిలబడ్డారు. మా అమ్మ వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్నది ఆ బడిలోనే. నిన్ను నా ఒళ్ళో వదిలేసి చీపురు పట్టుకుని వెళ్ళేది. వేలంపాటలు అడ్డుకున్నారు, పోలీసులకి ఎదురు నిలిచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగిపోయింది. వాళ్ళలో ఎవరికీ పదవి లేదు, కుర్చీ లేదు. అంత పని చేసినవాళ్ళ కూతుళ్ళకి తీర్మానం రాయడం చేతకాదంటే నేను ఒప్పుకోను.

నా అయిదేళ్ళలో నేను నిజంగా సర్పంచ్‌గా ఉన్నది కొద్ది రోజులే. 2009 ఎండాకాలం. పొద్దున్నే కాలనీ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో మన వాకిట్లోకి వచ్చి, "సర్పంచ్ గారున్నారా అమ్మా?" అని నన్నే అడిగారు. "ఆయన ఒంగోలు వెళ్ళారు, రేపొస్తారు" అన్నాను. వాళ్ళు వెనక్కి తిరిగారు. వాళ్ళలో ఒక ముసలామె మాత్రం కదల్లేదు. "సర్పంచివి నువ్వే కదే తల్లీ" అంది.

చెప్పులేసుకుని వాళ్ళ వెంట వెళ్ళాను. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్ళి కుళాయి దగ్గర కూర్చున్నాను. కాలనీ చివర ఒక బిందె నిండడానికి పదకొండు నిమిషాలు పట్టింది. పెద్దవీధిలో నిమిషంలో నిండుతోంది. కాలనీ మెరక మీద ఉంది, పెద్దవీధి పల్లంలో ఉంది. నీళ్ళు వదిలే అతను రెండు వాల్వులూ ఒకేసారి తిప్పుతున్నాడు, నీళ్ళన్నీ పల్లానికే పోతున్నాయి. పెద్దవీధి వాల్వు కట్టేసి ముందు నలభై నిమిషాలు కాలనీకి వదలమన్నాను. "అయ్యగారిని అడగాలమ్మా" అన్నాడు. "అయ్యగారు సర్పంచ్ కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పైసా ఖర్చు లేకుండా ఆ ఎండాకాలం కాలనీకి నీళ్ళందాయి. మూడేళ్ళుగా ఆ సంగతి మగవాళ్ళ చెవిన పడుతూనే ఉంది, కానీ బిందె మోసేది వాళ్ళు కాదు కదా.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకు. బెంగాల్‌లో బీర్భూమ్, రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లాల పంచాయతీల మీద రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో అనే ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 2004లో అచ్చయింది. రిజర్వేషన్ వల్ల ఆడవాళ్ళు సర్పంచ్‌లైన చోట్ల మంచినీటి పనులకి ఎక్కువ ఖర్చు పెట్టారని అందులో తేలింది. ఆ డుఫ్లోకే 2019లో నోబెల్ వచ్చింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఆ పదకొండు నిమిషాలే గుర్తొచ్చాయి.

మా శిక్షణ తరగతుల్లో ఫాతిమాబీ గారి గురించి చెప్పారు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కాల్వ గ్రామానికి 1995లో సర్పంచ్ అయ్యారు. మొదట్లో పనంతా భర్తే చూసేవారట. పొదుపు సంఘాల్లో చేరి, తోటి ఆడవాళ్ళతో కూర్చుని లెక్కలూ మాటలూ నేర్చుకుని పంచాయతీని తన చేతిలోకి తీసుకున్నారు. 1998లో ఐక్యరాజ్యసమితి వాళ్ళు పేదరికం మీద పోరాటానికి ఇచ్చే అవార్డు అందుకున్నారు. ఆ కథ వింటున్నప్పుడు మా హాల్లో వెనక వరసల నిండా మగవాళ్ళే, మా భర్తలు. మా బదులు నోట్సు రాసుకుంటున్నారు.

మన అమ్మాయి ఇప్పటికే డ్వాక్రా సంఘం లెక్కలు రాస్తోంది. పదిమంది అప్పులూ వడ్డీలూ పుస్తకం చూడకుండా చెప్పగలదు. బ్యాంకులో మేనేజరు మారిన ప్రతిసారీ ఆమెనే ముందు పంపుతారు. నువ్వు విజయవాడ నుంచి శనివారం రాత్రి వచ్చి సోమవారం పొద్దున్నే వెళతావు. ఊళ్ళో వీధి దీపం ఏది వెలుగుతుందో ఏది వెలగదో నీకు తెలియదు. మరి "నేను చూసుకుంటాలే" అని ఎలా అన్నావు నాన్నా? ఆ మాట అంత తేలిగ్గా నోట్లోకి ఎలా వచ్చిందో ఒక్కసారి ఆలోచించు.

ఇప్పుడు చెక్కు పుస్తకాలు పోయి డిజిటల్ కీ వచ్చింది. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. సర్పంచ్ సంతకం అదే. పక్కూళ్ళో సర్పంచమ్మ భర్త దాన్ని మోటార్‌సైకిల్ తాళానికి తగిలించుకుని తిరుగుతాడు. ఆమెకి అది ఎలా ఉంటుందో కూడా తెలియదు. రేపు నోటీసొస్తే మాత్రం ఆమెకే వస్తుంది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీ సీట్లలోనూ సర్పంచ్ పదవుల్లోనూ మూడో వంతుకి తగ్గకుండా ఆడవాళ్ళకి ఉండాలంది. మన రాష్ట్రంలో 2011లో దాన్ని సగం చేశారు. ఢిల్లీ చూడు. 2024లో లోక్‌సభకి గెలిచిన 543 మందిలో ఆడవాళ్ళు 74 మంది. అక్కడ మూడో వంతు సీట్లిచ్చే బిల్లు 1996లో మొదలై 2023లో గానీ చట్టం కాలేదు, అది కూడా జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అన్నారు. అక్కడ దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నది ఊళ్ళో మన చేతికి ముందే వచ్చింది. వచ్చినదాన్ని ఇంటికి తెచ్చి మగవాళ్ళ చేతిలో పెడుతున్నాం. భర్తల పెత్తనం మీద కేంద్రం వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది, గట్టి శిక్షలుండాలని అందులో ఉంది. ఉండాల్సిందే. కానీ వంటగట్టు మీద పెట్టిన పుస్తకం దగ్గరికి ఏ అధికారీ రాడు. అక్కడ ఉండేది నువ్వూ, నేనూ.

పాపకి రాత్రుళ్ళు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి చిన్నప్పటి కథ చెబుతున్నాను. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర కాపలాకి ఆ అమ్మాయిని పెట్టారు. టికెట్ లేనివాళ్ళని పంపొద్దన్నారు. నెహ్రూ వస్తే టికెట్ లేదని ఆయన్నీ ఆపేసింది. పెద్దలు పరుగెత్తుకొచ్చి టికెట్ కొన్నాకే వదిలింది. ఆమె తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. పాపకి ఆ గేటు కథ రోజూ కావాలి. నిన్న అడిగింది, "నానమ్మా, నాన్న వచ్చినా ఆపుతుందా?" అని. ఆపుతుంది అన్నాను.

ఆ రాత్రే అమ్మాయిని వంటింట్లో అడిగాను, సోమవారమే అడగాల్సిన మాట. "నీకు నిలబడాలనుందా?" అన్నాను. గిన్నెలు తోముతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నిలబడతాను గానీ అత్తయ్యా, కాగితాలు నేను చదివేదాకా ఆగుతారా వాళ్ళు?" అంది. ఆ "వాళ్ళు" అనే మాటలో నువ్వు కూడా ఉన్నావు నాన్నా. నేనూ ఉన్నాను.

కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. కరపత్రం మీద ఆమె ఫొటో ఒక్కటే ఉండాలి. పంచాయతీ బోర్డు మీద ఆమె ఫోన్ నంబరే రాయాలి. కీ ఆమె బీరువాలో ఉంటుంది. ఖర్చు మనం పెట్టామని, రాబట్టుకోవాలని నీ నోట రాకూడదు. ఆమె తప్పులు చేస్తుంది, మీ నాన్నా చేశారు. అడిగితే సాయం చెయ్యి. రాత్రి మీటింగు ఉన్న రోజు పాపకి అన్నం నేను పెడతాను, నువ్వున్న రోజు నువ్వు పెట్టు.

పెద్దమనుషులు శనివారం సాయంత్రం మళ్ళీ వస్తామన్నారు. ఈ శనివారం నువ్వు ఎలాగూ మధ్యాహ్నం బస్సుకి వస్తున్నావు కదా. వాళ్ళొచ్చే వేళకి పాపని తీసుకుని చెరువు కట్ట మీదకి వెళ్ళు. మాట్లాడేది అమ్మాయి. పక్కన నేనుంటాను. చీకటి పడ్డాక రండి, అప్పటికి వాళ్ళు వెళ్ళిపోతారు.

ఉంటాను,
అమ్మ