అమ్మ ఇల్లు దక్కింది, మీ అందరి వల్లే

పెందుర్తిలో ఉన్న మా అమ్మ ఇంటి వేలం రద్దయింది. మొన్న సోమవారం కోర్టులో ఆ మాట వినగానే అమ్మ బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది. ఆ రోజు ఎవరికీ సరిగ్గా థాంక్స్ చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

నాన్న వైద్యానికి అమ్మ ప్రామిసరీ నోటు రాసి అప్పు తెచ్చిన మాట నిజం. కోర్టులోనూ ఒప్పుకుంది, బాకీ కట్టాలని డిక్రీ అయింది. వడ్డీ, ఖర్చులు కలిపి 4,20,000. ఆ డబ్బు రాబట్టుకోవడానికి అప్పిచ్చినవాళ్లు తర్వాత వేసిన ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) నోటీసు మాత్రం మేం ఎప్పుడో ఖాళీ చేసిన కంచరపాలెం అద్దింటికి వెళ్లింది. వేలం అయిపోయిన 41 రోజులకు, ఎవరో టేపు పట్టుకుని ఇల్లు కొలవడానికి వస్తే గానీ మాకు సంగతి తెలియలేదు. ఇల్లు, 220 గజాల స్థలం కలిపి 13 లక్షలకే పోయాయి.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమన్నది పక్కింటి పిన్ని. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు ఉచితంగా లాయర్ని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉందట. అక్కడ మాకిచ్చిన లాయర్ మేడమ్ మొదట అడిగింది వేలం తేదీ. ఆ రోజు నుంచి 60 రోజుల్లోపు వేలం రద్దు చేయమని పిటిషన్ పడాలి. మాకు మిగిలినవి 19 రోజులు! ఆ టెన్షన్‌లో మేముంటే, ఆవిడ వారంలోపే రికార్డు నకళ్లు తీయించి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 21 రూల్ 90 కింద పిటిషన్ వేసేశారు.

"ధర తక్కువొచ్చిందంటే చాలదమ్మా. వేలం ప్రకటనలో లోపం జరిగిందని, దానివల్లే మీకు పెద్ద నష్టం వచ్చిందని చూపించాలి" అన్నారు. ప్రకటన ఇంటికి అంటించి, వీధిలో డప్పు వేయించినట్టు అమీనా (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) రిపోర్టులో ఉంది. దాని మీద సాక్షి సంతకాలు చేసిన ఇద్దరూ, తాము టీ కొట్టు దగ్గరే సంతకం పెట్టామని మేడమ్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే ఒప్పుకున్నారు.

అదే ఆర్డర్‌లోని రూల్ 64 ప్రకారం బాకీకి సరిపడా భాగమే అమ్మాలని కూడా మేడమ్ వాదించారు. రోడ్డు వైపున్న 60 గజాల ఖాళీ జాగా అమ్మినా మా బాకీ తీరిపోయేది. రెండు వేల చిల్లర బాకీకి పదెకరాలు అమ్మేస్తే 1989లో అంబటి నరసయ్య కేసులో సుప్రీంకోర్టు ఆ అమ్మకాన్ని కొట్టేసిందని చదివి వినిపించారు. ఆ రోజే మాకు మొదటిసారి ధైర్యం వచ్చింది. మేడమ్, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

బాకీ అలాగే ఉంది. ఎగ్గొట్టాలని మేమెప్పుడూ అనుకోలేదు. మొదటి లక్ష కోర్టులో కట్టేశాం.

ఇక మా వీధుల్లో డప్పు వేసే తాత. ఆ రోజు తననెవరూ పిలవలేదని బోనెక్కి చెప్పడానికి, కూలి మానుకుని మూడు వాయిదాలు తిరిగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. తాతా, వచ్చే నెల చెల్లి పెళ్లికి డప్పు తీసుకురావద్దు. మొదటి పంక్తిలో మాతో కూర్చుని భోంచేయాలి.