తాండూరు బండ గులాబీ రంగు తిరిగితే

నల్లగొండ

అరే దోస్తూ,

బ్లెండర్‌ల (త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) చేసిన ఇంటి సీన్‌ను ఐదు సిస్టమ్‌లకు పంచి రెండర్ జేయించి నువ్వు పంపిన ఫ్రేములు చూసిన. ఇల్లు మంచిగొచ్చింది, గానీ హాల్ల తాండూరు బండ, దివాను మీద పోచంపల్లి దుప్పటి రెండూ ముదురు గులాబీ రంగుల ఉన్నయి. పరేషాన్ గాకు, టెక్స్చర్లు (బండ, బట్ట మీద పరిచే బొమ్మల ఫైళ్లు) ఎటూ పోలే. మెటీరియల్‌ల రాసిన జాగల బొమ్మ దొరక్కపోతే బ్లెండర్ ఆ రంగేస్తది. నీ సిస్టమ్‌కు దొరుకుతున్నది, పక్క సిస్టమ్‌లకు దొరుకుతలేదు, అంతే.

ఏదన్న మార్చకముందే ఒక కాగితం తీసుకో. ఏ ఫ్రేము ఏ సిస్టమ్ చేసిందో రెండర్ మేనేజర్ (ఫ్రేములు పంచే ప్రోగ్రాం) లాగ్‌ల ఉంటది. చెడిన ఫ్రేముల నంబర్లు దాని పక్కన రాయి. అన్నీ ఒకే సిస్టమ్‌వైతే తప్పు ఆ సిస్టమ్‌లనే. నీది తప్ప అన్నిట్ల చెడితే పాత్ (ఫైలు ఉన్న జాగ అడ్రస్) తప్పు. ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే షేర్ (నెట్‌వర్క్‌ల అందరూ వాడుకునే ఫోల్డర్) దిక్కు చూడాలె.

ఐదింట్ల నాలుగు చెడుతున్నయన్నవు, గట్లయితే పాతే. ఫైల్ మెనూల ఎక్స్‌టర్నల్ డేటా కింద రిపోర్ట్ మిస్సింగ్ ఫైల్స్ ఉన్నది. నీ సిస్టమ్‌ల నొక్కితే అంత బాగనే ఉన్నదంటది, దాన్ని నమ్మకు. చెడిన సిస్టమ్ ముంగట కూసొని, అదే ఫైలు తెరిచి నొక్కు. దొరకనివాటి పేర్లు ఇన్ఫో ఎడిటర్‌ల పడ్తయి. పాత్ డి డ్రైవ్‌తోని మొదలైతే దొంగ దొరికినట్టే. నేను 'క్లాక్ టవర్ కాడ ఉండు' అంటే నువ్వు పాలమూరుల నిలబడ్తవు, నేను నల్లగొండల నిలబడ్త. డి డ్రైవ్ సుత గంతే, ఎవలది వాళ్లకున్నది.

బ్లెండ్ ఫైలు, టెక్స్చర్లు, హెచ్‌డీఆర్ఐ (వెలుతురు కోసం పెట్టే బొమ్మ) అన్నీ షేర్ల ఒకే ఫోల్డర్‌ల పెట్టి, ఫైలును అక్కడినుంచే తెరిచి, డి డ్రైవ్ పాత్ ఉన్న బొమ్మలకు ఆ ఫోల్డర్‌లవి మళ్ల చూపించి, మేక్ పాత్స్ రిలేటివ్ నొక్కి సేవ్ జెయ్యి. నీ మేనేజర్ బ్లెండ్ ఫైలునొక్కదాన్నే కాపీ జేసుకొని పక్క సిస్టమ్ టెంప్ ఫోల్డర్‌ల తెరుస్తదంటే మాత్రం ఇది పనిజెయ్యదు, రిలేటివ్ పాత్ బ్లెండ్ ఫైలు ఉన్న జాగ నుంచే లెక్క. అప్పుడు నెట్‌వర్క్ పాత్ పూర్తిగ రాయాలె: రెండు బ్యాక్‌స్లాష్‌లు, సర్వర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ పేరు. ముందల రెండు ఫార్వర్డ్ స్లాష్‌లు పెడితే బ్లెండర్ దాన్ని రిలేటివ్ పాత్ అనుకుంటది, యాదుంచుకో. ప్యాక్ రిసోర్సెస్ సుత ఉన్నది, చిన్న సీన్‌కు బాగనే ఉంటది. ఫైలు బాగ బరువైతది, వీడియోలు, ఇమేజ్ సీక్వెన్సులు అందుల ప్యాక్ కావు.

ఇగ జెడ్ డ్రైవ్, అంటే షేర్‌కు జెడ్ అని అక్షరం పెట్టి డ్రైవ్ లెక్క మ్యాప్ జేసుడు. అందరినీ ఆగం జేసేది ఇదే. నాలుగిట్ల మ్యాప్ జేస్తివి, ఎక్స్‌ప్లోరర్‌ల కనబడుతున్నది, రెండర్‌ల మాత్రం గులాబీనే. మ్యాప్ జేసిన డ్రైవ్ లాగిన్ అయిన మనిషికే కనబడ్తది. రెండర్ క్లయింట్ (ఒక్కో సిస్టమ్‌ల ఫ్రేములు చేసే ప్రోగ్రాం) సర్వీసు లెక్క, అంటే ఎవలు లాగిన్ కాకున్నా ఎనుక నడిస్తే, అది మామూలుగ లోకల్ సిస్టమ్ అకౌంట్ మీద ఉంటది, దానికి నీ జెడ్ ఎరికే లేదు. జెడ్ ఇడిసిపెట్టి నెట్‌వర్క్ పాతే వాడు. అన్ని సిస్టమ్‌లల్ల ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తోని ఒక యూజర్‌ను చెయ్యి. సర్వీసెస్‌ల ఆ సర్వీసు ప్రాపర్టీస్ తెరిచి, లాగ్ ఆన్ ట్యాబ్‌ల ఆ అకౌంట్ ఇచ్చి, సర్వీసును రీస్టార్ట్ జెయ్యి. తర్వాత అదే యూజర్‌తోని లాగిన్ అయి, ఆ పాత్ టైప్ జేసి బండ బొమ్మ తెరువు. తెరుచుకోకపోతే పర్మిషన్ తప్పు. షేర్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌ల షేరింగ్ ట్యాబ్‌ల ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌ల ఒకటి ఉంటది, రెండిట్ల ఏది బిగుతుగ ఉంటే అదే చెల్లుతది. విండోస్ 11 ప్రో 24హెచ్2 వేసిన సిస్టమ్ అయితే పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్‌ను మామూలుగ తెరువనియ్యదు, అది సుత చూడు.

ఒక లినక్స్ సిస్టమ్ పెట్టినవు గదా, దాంట్ల పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు లెక్క. విండోస్‌ల దొరికిన బొమ్మ దాంట్ల దొరకకపోవచ్చు. పేర్లన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలల్ల, స్పేస్ లేకుంట పెట్టు. విండోస్‌ల నెట్‌వర్క్ పాత్‌లు సుత దానికి పనికిరావు, లినక్స్‌ల షేర్‌ను మౌంట్ జేసుకోవాలె, గందుకే రిలేటివ్ పాత్ ఉంటే నీకు సుఖం.

కరెంటు పోయొచ్చినంక చెడితే షేర్ ఉన్న సిస్టమ్ ఐపీ (నెట్‌వర్క్‌ల దాని నంబర్) మారిందేమో చూడు. పాత్‌ల ఐపీ రాసినవంటే రౌటర్‌ల ఆ సిస్టమ్‌కు అడ్రస్ రిజర్వ్ జెయ్యి. షేర్ ఉన్న సిస్టమ్ స్లీప్‌ల పోకుంట సెట్టింగ్ నెవర్ పెట్టు. 

రాత్రి మొత్తం వదిలే ముందు ఒక్కో సిస్టమ్‌తోని ఒక్కో ఫ్రేము, 25 శాతం రిజల్యూషన్‌ల, తక్కువ శాంపిల్స్‌తోని రెండర్ జేయించు. గింజలు గింజలుగ వచ్చినా గులాబీ ఉన్నదో లేదో తెలుస్తది. అన్నీ ఆడినంక, కాగితం మీద రాసుకున్న ఫ్రేములనే మళ్ల పెట్టు, మంచివి ముట్టుకోకు. అప్పటికీ లినక్స్‌దొక్కటే మొండికేస్తే దాని లాగ్ నాకు పంపు.

నీ దోస్తు