వీధిలోకి వెళ్లినా బుజ్జి నీ మాట వినాలంటే

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో చెప్పిన మాట చెప్పినట్టు వినే నీ కుక్క బుజ్జి గడప దాటగానే నువ్వెవరో తెలియనట్టు ప్రవర్తిస్తోందనీ, మరో కుక్క కనిపిస్తే చాలు చెయ్యి ఊడిపోయేలా లాగుతోందనీ, రోజురోజుకీ మొండిదైపోతోందనీ రాశావు. నాకు తోచినంతవరకు అది మొండికేయడం లేదు. వీధిలో ఎలా కూర్చోవాలో దానికి ఇంకా ఎవరూ నేర్పలేదు.

ఒకచోట నేర్చుకున్నదాన్ని మరోచోట వాడుకోవడం కుక్కలకు అంత సులువుగా రాదు. నువ్వు గదిలో ఎదురుగా నిలబడి, చేతిలో ట్రీట్, అంటే దానికి ఇష్టమైన తిండి ముక్క, పట్టుకుని "కూర్చో" అన్నప్పుడు అది నేర్చుకున్నది ఆ మాటనొక్కదాన్నే కాదు. ఆ గదిని, అక్కడి నిశ్శబ్దాన్ని, నీ చేతి కదలికను, నువ్వు నిలబడిన తీరును కలిపి నేర్చుకుంది. వాటిలో నాలుగు మారిపోతే దానికది కొత్త పాఠమే. పైగా దాని ముక్కు సంగతి కూడా ఆలోచించు. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 లక్షలైతే, కుక్కకు జాతిని బట్టి అవి 10 కోట్లు దాటి 30 కోట్ల దాకా ఉంటాయని అంచనా. మనకు ఏమీ లేనట్టు కనిపించే గోడ వార దానికి బోలెడంత సమాచారం ఉంటుంది. అంత సందడిలో నీ మాట దాని చెవికి ఎక్కకపోవడంలో వింతేమీ లేదు.

బుజ్జి వయసు ఎనిమిది నెలలని రాశావు కదా, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి. బ్రిటన్ పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఐదు నెలల వయసులో మాట విన్న కుక్కలే ఎనిమిది నెలలు వచ్చేసరికి యజమాని "కూర్చో" అంటే వినడం తగ్గించాయనీ, అదే మాట కొత్త మనిషి చెబితే మాత్రం విన్నాయనీ తేలింది. యౌవనంలో అడుగుపెట్టిన ప్రాణికి ఇది సహజమైన దశ, దాటిపోయే దశ. ఈ రోజుల్లో విసుగెత్తి శిక్షణ మానేయకు. నీ ఓపిక దానికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది ఇప్పుడే.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పనిలో నీ చేతిలో ఉన్న గొప్ప సాధనం దూరం. అవతలి కుక్కకు ఎంత దగ్గరగా వెళితే బుజ్జి నిన్ను మరిచిపోతుందో ముందు కనిపెట్టు. అది తెలుసుకోవడానికి దాని ఒంటిని గమనిస్తే చాలు: నోరు మూసుకుపోతుంది, చెవులు ముందుకు నిక్కుతాయి, తోక బిగుసుకుంటుంది, ఎంతో ఇష్టమైన మాంసం ముక్కను మూతి దగ్గర పెట్టినా వాసన చూడదు. తిండిని కూడా పట్టించుకోని స్థితిలో ఏ కుక్కా ఏమీ నేర్చుకోలేదు, కాబట్టి అక్కడ ఎన్నిసార్లు పిలిచినా ప్రయోజనం ఉండదు. నోరు మెదపకుండా వెనక్కి తిరిగి, దాన్ని తీసుకుని దూరం జరుగు. అవతలి కుక్కను చూస్తూనే నువ్విచ్చిన ముక్కను తినగలిగే చోటు ఎక్కడుందో, మీ పాఠశాల అక్కడే.

ఆ చోట నిలబడి ఏమీ అడగకుండా ఎదురుచూడు. అది అవతలి కుక్క వైపు చూస్తుంది, చూడనివ్వు. కాసేపటికి ఒక చెవి నీ వైపు వాలుతుంది, ఆ తర్వాత తల కొద్దిగా తిరుగుతుంది, కళ్లు నీ ముఖం మీదికి వస్తాయి. సరిగ్గా ఆ క్షణంలో "శభాష్" అని, వెంటనే ముక్క అందించు. రెండు మూడు క్షణాలు ఆలస్యమైతే, అప్పటికి అది మళ్లీ అటు తిరిగి ఉంటే, నువ్వు మెచ్చుకున్నది అటు చూడటాన్నే అవుతుంది. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే: ఎవరూ పిలవకుండా, ఎవరూ లాగకుండా, ఆ ప్రాణి తనంతట తాను నిన్ను ఎంచుకుంటుంది. ఇది కుదిరాక నాలుగడుగులు దగ్గరికి జరుగు. అయితే దగ్గరికి జరిగిన రోజున ఎక్కువసేపు కూర్చోబెట్టకు. ఎక్కువసేపు కూర్చోబెట్టాలనుకున్న రోజున దూరంగానే ఉండు. రెండు కష్టాలు ఒకేసారి పెడితే పాపం అది తట్టుకోలేదు.

ట్రీట్ ఒక్కటే బహుమానమని కూడా అనుకోవద్దు. ప్రాణికి ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమానంగా వాడవచ్చని డేవిడ్ ప్రెమాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లోనే చూపించాడు. బుజ్జి చెట్టు మొదలు వాసన చూడాలని ఉబలాటపడుతుంటే ఆగు, అది నీ ముఖం చూడగానే "వెళ్లు" అని వదులు. నీ మాట వింటే తనకు కావలసింది దొరుకుతుందని దానికి అర్థమైతే, ఆ చెట్టు నీకు పోటీగా ఉండటం మాని నీకు సాయపడుతుంది.

"రా" అనే మాటను మాత్రం ప్రాణంలా కాపాడుకో. ఒక్కసారే పిలువు, పదిసార్లు పిలిస్తే మొదటి తొమ్మిదిటికీ విలువ లేదని అది నేర్చుకుంటుంది. వస్తుందన్న నమ్మకం లేనప్పుడు అసలు పిలవకు. బాగా ఆడుకుంటున్నప్పుడు పిలిచి నేరుగా ఇంటికి తీసుకుపోకు. పిలిచి, ముక్క ఇచ్చి, మళ్లీ ఆటకు వదిలేయడమే ఎక్కువసార్లు జరగాలి. మైదానంలో సాధన చేసేటప్పుడు పది మీటర్ల పొడవైన తాడు కట్టు, దాన్ని మెడపట్టీకి కాకుండా ఒంటికి తొడిగే హార్నెస్‌కే తగిలించు. పరుగు మీద ఉన్నప్పుడు తాడు ఒక్కసారిగా బిగిస్తే మెడకు దెబ్బ తగులుతుంది.

ఎవరో లీష్‌ను, అంటే మెడపట్టీకి కట్టి పట్టుకునే తాడును, గట్టిగా గుంజి బెదిరించమన్నారని రాశావు. దయచేసి ఆ పని చేయకు. మరో కుక్క కనిపించిన ప్రతిసారీ మెడ నొప్పి పెడితే, ఆ నొప్పికి కారణం అవతలి కుక్కే అనుకునే ప్రమాదం ఉంది. నేడు ఉత్సాహంతో లాగుతున్న కుక్క రేపు భయంతో మొరగడం మొదలుపెడితే, దాన్ని సరిదిద్దడం ఇప్పటి పనికన్నా ఎన్నో రెట్లు కష్టం.

రోజూ ఐదేసి నిమిషాలు రెండు మూడు విడతలుగా చేస్తే సరిపోతుంది. ఈ వారం ఇంటి గుమ్మంలో, తరువాత గేటు దగ్గర, జనం పలచగా ఉండే వేళ చూసుకుని వీధి చివర మొదలుపెట్టు. అవతలి కుక్క ఎంత దూరంలో ఉన్నప్పుడు బుజ్జి నీ చేతిలో ముక్క తినగలుగుతోందో అడుగులు లెక్కపెట్టి నాకు రాయి. అది తెలిస్తే, ఆ తర్వాత ఎక్కడ నిలబడాలో వచ్చే ఉత్తరంలో వివరంగా రాస్తాను.

ఇట్లు,
నీ ప్రియ మిత్రుడు