తుఫాను హెచ్చరిక రాగానే డయాలసిస్ రోగులను పిలవండి

సంపాదకులకు నమస్కారం.

జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి అమెరికా దక్షిణాది రాష్ట్రాల మంచు తుఫాను వీడియోలు మన ఫోన్లలోకి వచ్చిపడుతుంటాయి. కార్లు జారి ఒకదాన్నొకటి గుద్దుకోవడం, ఇళ్ల సీలింగుల్లోంచి నీళ్లు కారడం, షాపుల్లో ఖాళీ అరలు. మా ఊరి టీ కొట్టు దగ్గర వాటిని చూస్తూ "అంత డబ్బున్న దేశం, ఆ మాత్రం మంచుకే చేతులెత్తేసింది" అని అనుకోవడం విన్నాను. సోంపేట మండలంలో ఉంటూ మనం ఆ మాట అనడం నాకు బాధ కలిగించింది. వాళ్లకు మంచు అలవాటు లేదు. మనకు గాలివాన కొత్త కాదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్. పదేళ్లు తిరక్కుండా ఇన్ని చూసిన జిల్లా మనది. అయినా ఒక విషయంలో, గాలివాన రోజుల్లో డయాలసిస్ రోగులను కాపాడుకోవడంలో, మనం ఇంకా తయారుగా లేం. అది రాద్దామనే ఈ ఉత్తరం.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో ఏం జరిగిందో ముందు చెప్తాను. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో మనవాళ్ల పిల్లలు ఎంతోమంది ఉన్నారు కాబట్టి ఆ వారం ఇక్కడి తల్లిదండ్రులకూ నిద్ర లేదు. డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. చనిపోయినవాళ్లు 246 మంది అని ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖే లెక్క చెప్పింది. అందులో ఎక్కువమంది చలికి పోయారు. వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు నడిపి, ఇంట్లో బొగ్గుల పొయ్యి పెట్టుకుని, ఆ విషవాయువుకు పోయినవాళ్లూ ఉన్నారు.

గడ్డకట్టింది రోడ్లు మాత్రమే కాదు. గ్యాస్ బావులు, పైపులు, కరెంటు ప్లాంట్లలో కొలతలు చూపే పరికరాలు కూడా బిగుసుకుపోయాయి. ఫిబ్రవరి 15 తెల్లవారకముందే రాష్ట్రం మొత్తం గ్రిడ్ కుప్పకూలే పరిస్థితి వచ్చింది. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే ఉంటే కూలిపోయేది. దాన్ని కాపాడుకోవడానికి అధికారులు ఊళ్లకు ఊళ్లు కరెంటు కోశారు. ఆ కోతలో గ్యాస్‌ను పైపుల్లోకి తోసే కంప్రెసర్లకు కూడా కరెంటు పోయింది. గ్యాస్ రాక మరికొన్ని కరెంటు ప్లాంట్లు ఆగిపోయాయి. ఇలా ఎందుకు జరిగిందంటే, "మాది అత్యవసర కనెక్షన్, కోతల్లో తీయొద్దు" అని ముందుగా నింపి ఇవ్వాల్సిన ఫారం గ్యాస్ కంపెనీల్లో చాలామంది ఇవ్వనే లేదు. కొందరికి అలాంటి ఫారం ఒకటుందన్న సంగతే తెలియదు. ఇది చదివినప్పటి నుంచి నా మనసు అక్కడే ఆగిపోయింది. ప్రకృతి చేసినదాన్ని మనం ఆపలేం. కానీ ఒక కాగితం ఒక ఆఫీసుకు చేరకపోవడం వల్ల వచ్చిన కష్టం ప్రకృతి ఖాతాలో వేసేది కాదు.

పైగా ఇది వాళ్లకు చెప్పకుండా వచ్చిందీ కాదు. 2011 ఫిబ్రవరిలో ఇలాంటి చలికే కరెంటు పోతే, ప్లాంట్లను చలికి తట్టుకునేలా సిద్ధం చేసుకోండని కేంద్ర సంస్థలు ఆ ఏడాదే నివేదిక ఇచ్చాయి. అది సలహాగానే మిగిలింది. తప్పనిసరి చేస్తూ చట్టం 2021లో, అంతా జరిగాక వచ్చింది.

కరెంటు వెంటే నీళ్లూ పోయాయి. పైపులు పగిలి, పంపులు ఆగి, కోటి మందికి పైగా జనం నీళ్లు మరిగించుకుని తాగాల్సి వచ్చింది. అప్పుడు ఎక్కువ ఇబ్బంది పడ్డవాళ్లలో డయాలసిస్ రోగులు ఉన్నారు. కేంద్రాలు మూతపడి వాళ్లంతా ఆస్పత్రులకు పరిగెత్తారు. ఆస్పత్రుల్లోనూ నీళ్లు చాలలేదు. నాలుగు గంటల డయాలసిస్‌కు ఒక్కో మనిషికి దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి. అంత శుద్ధ జలం రావాలంటే ఆర్‌ఓ యంత్రంలోకి అంతకంటే ఎక్కువే పోయాలి. కరెంటు ఉండి నీళ్లు లేకపోయినా, నీళ్లుండి కరెంటు లేకపోయినా ఆ మిషన్ తిరగదు.

ఇప్పుడు మన ఉద్దానం సంగతి ఆలోచించండి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. కిడ్నీ జబ్బు ఇంతగా పాతుకుపోయిన ప్రాంతం దేశంలోనే అరుదు. తిత్లీ తీరం దాటింది సరిగ్గా ఈ ప్రాంతంలోనే, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున. వారానికి రెండు మూడు సార్లు మిషన్ ఎక్కకపోతే బతకలేని మనుషులు, ఏ అక్టోబరులోనైనా కరెంటు, దారి, నీళ్లు మూడూ ఒకేసారి పోగల ఊళ్లు. ఈ రెండూ ఒకచోట ఉన్నాయని మన తుఫాను ఏర్పాట్లు రాసేవాళ్లు విడిగా ఆలోచించారా అన్నదే నా ప్రశ్న.

తిత్లీ వచ్చినప్పుడు మా బావ డయాలసిస్ మీద ఉన్నాడు. గాలి తగ్గి తెల్లారాక చూస్తే వీధి కనపడలేదు. కొబ్బరి చెట్లు మొదళ్లతో సహా లేచి ఒకదాని మీద ఒకటి పడున్నాయి. జీడిచెట్లు తిరగబడి వేళ్లు పైకి తేలాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ట్యాంకు ఖాళీ. ఎటు చూసినా నేల మీద లేత కాయలే. ఇరుగుపొరుగు మంచి మనసుతో బొండాలు కొట్టి, దాహానికి ఇదే తాగమని బావ చేతికిచ్చారు. అక్క చటుక్కున లాక్కుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్ల ఒంట్లో అది పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. డయాలసిస్ చేసే నర్సమ్మ అంతకుముందు ఎప్పుడో చెప్పిన మాట అక్కకు గుర్తుండబట్టి సరిపోయింది. తెలియక తాగినవాళ్లు ఎందరో!

కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని కుర్రాళ్లు దారి చేస్తుంటే, బావను బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. దగ్గర్లోని కేంద్రానికి పోతే జనరేటర్ ఉంది, అందులో డీజిల్ లేదు. ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాళ్లూ లేరు. అక్కడ మాలాంటివాళ్లు చాలామంది మెట్ల మీద కూర్చుని ఉన్నారు. బావకు అప్పటికే కాళ్లు నీరు పట్టి, మాట్లాడుతుంటే ఆయాసం వస్తోంది. చివరికి ఒడిశా వైపు తీసుకెళ్లి బరంపురంలో చేయించాం. మాకు వాహనం దొరికింది, చేతిలో కొంత డబ్బుంది. అవి లేనివాళ్లు ఆ మెట్ల మీదే ఉండిపోయారు.

తుఫాను తర్వాత ప్రభుత్వాలు పనిచేయవని నేను అనను. రాష్ట్రం నలుమూలల నుంచి లైన్‌మెన్లు వచ్చి, టెంట్లలో పడుకుని స్తంభాలు నిలబెట్టడం మేం కళ్లారా చూశాం. వాళ్ల రుణం తీరేది కాదు. అయినా చాలా ఊళ్లకు కరెంటు రావడానికి వారం దాటింది. డయాలసిస్ వాయిదా పడితే మనిషి వారం ఆగలేడు. అందుకని ఈ పని తుఫాను తర్వాత చేసేది కాదు, ముందు చేసేది.

ముందు చేయడం సాధ్యమే. తీరం దాటడానికి రెండు మూడు రోజుల ముందే వాతావరణ శాఖ హెచ్చరిక ఇస్తోంది. కాన్పు దగ్గరపడ్డ గర్భిణులను ఇప్పటికే ముందుగా ఆస్పత్రులకు తరలిస్తున్నారు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి తీసుకొస్తారు. అదే ఆదేశంలో డయాలసిస్ రోగులను కూడా చేర్చి, అది ప్రతి తుఫానుకూ పాటించే నిబంధనగా రాయాలి. జాబితా కొత్తగా తయారుచేయనక్కర్లేదు. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఎవరు, ఏ ఊరు, ఏ ఇల్లు అన్నది గ్రామ సచివాలయంలో ఉంది. వాళ్లకు ఏ రోజు ఎక్కడ డయాలసిస్ జరుగుతుందో ఆరోగ్య శాఖ దగ్గర ఉంది. ఈ రెండూ కలిపి తహసీల్దార్, విద్యుత్ అధికారుల బల్ల మీద పెట్టాలి. టెక్సాస్‌లో ఆగిపోయిన కాగితం లాంటిది ఇక్కడ ఆగిపోకూడదు.

హెచ్చరిక రాగానే, మామూలు వంతు ఇంకా రాకపోయినా, అందరినీ పిలిచి ఒకసారి డయాలసిస్ చేసి పంపాలి. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు. 2012లో శాండీ తుఫానుకు ముందు న్యూయార్క్, న్యూజెర్సీలలో చాలా కేంద్రాలు ఇలాగే చేశాయి. ముందుగా చేయించుకున్నవాళ్లు తర్వాత ఎమర్జెన్సీకి రావడం తగ్గిందని, మరణాలు కూడా తక్కువేనని పరిశీలనలో తేలింది. రాత్రి షిఫ్టు కూడా నడపాలి కాబట్టి టెక్నీషియన్లు, నర్సులు అదనంగా కావాలి. పక్క జిల్లాల నుంచి ఆ రెండు రోజులకు పంపవచ్చు. లైన్‌మెన్లను పంపగలిగినప్పుడు వీళ్లనూ పంపగలరు. నడవలేని పెద్దవాళ్లను ఇంటికి తిప్పి పంపకుండా తుఫాను దాటేదాకా ఆస్పత్రిలోనే ఉంచాలి.

డీజిల్ విషయం చిన్నదే. ప్రతి కేంద్రంలో జనరేటర్‌ను హెచ్చరిక వచ్చిన రోజే లోడు పెట్టి నడిపి చూడాలి. ట్యాంకు నిండా డీజిల్ ఉందని ఒక అధికారి సంతకం పెట్టాలి. ఆ కేంద్రాలకు కరెంటు తెచ్చే లైన్లు (ఫీడర్లు) ముందుగా బాగుచేసే జాబితాలో ఉండాలి. నీళ్ల ట్యాంకరు ముందే వచ్చి నిలబడాలి. హిరమండలం నుంచి వచ్చే వంశధార నీళ్లు ఇప్పుడు ఉద్దానానికి ఆధారం. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ ఆస్పత్రి కూడా వచ్చింది. ఈ రెండూ ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవి, సంతోషం. అయితే ఒక్క చోటి నుంచి పైపుల్లో వచ్చే నీళ్లు ఆగితే వందల ఊళ్లకు ఒకేసారి ఆగుతాయి. పంపులున్న ప్రతి చోటా సొంత జనరేటర్ ఉందా, అది నడుస్తుందా అన్నది వానాకాలానికి ముందే తనిఖీ చేసి ప్రజలకు చెప్పాలి.

మరొకటి. డయాలసిస్ రెండు మూడు రోజులు ఆలస్యమైతే ఏం తినాలో, ఎన్ని నీళ్లు తాగాలో చెప్పే కాగితం అమెరికాలో రోగుల చేతికి ముందే ఇస్తారు. మనకు తెలుగులో, పెద్ద అక్షరాలతో, బొమ్మలతో అలాంటిది కావాలి. అందులో కొబ్బరి బొండాం బొమ్మ మీద ఎర్ర గీత కొట్టి మొదట్లోనే వేయాలి. సరిహద్దు ఊళ్ల కోసం ఒడియాలోనూ ఉండాలి.

ఇంత ఖర్చు ఎక్కడిదని కొందరు అడగవచ్చు. డీజిల్, రెండు రోజుల అదనపు జీతం, అచ్చు కాగితాలు. కొబ్బరి తోటలకు, ఇళ్లకు ఇచ్చే పరిహారం పక్కన ఇదెంత?

జిల్లా కలెక్టర్ గారికి, ఆరోగ్య శాఖ అధికారులకు, ఉద్దానం ఎమ్మెల్యేలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఒక్కటే. వచ్చే అక్టోబరు లోపు ఈ ఏర్పాటును రాతపూర్వకంగా చేసి, ఒక్కసారి రిహార్సల్ చేయండి. ఏ మండలంలో ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు ప్రతి డయాలసిస్ కేంద్రం గోడ మీద, ప్రతి సచివాలయం గోడ మీద పెయింటుతో రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా