గడ్డ ఎంత తగ్గిందో కొలిచేది ఎవరు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

క్యాన్సర్ డే కేర్ కేంద్రాల (రోగి పొద్దున వచ్చి కీమో ఎక్కించుకుని అదే రోజు ఇంటికి వెళ్లే చోట్ల) గురించి పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటూనే ఉన్నాను. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో ఇటువంటి కేంద్రాలు, 2025-26లోనే 200, ఏర్పాటు చేస్తామని కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించినప్పుడు మా ఒడిశా-ఆంధ్రా సరిహద్దు ప్రాంతం వాళ్లం ఎంతో సంతోషించాం. కీమో ఎక్కించుకున్న మనిషిని పర్లాకిమిడి నుంచి బరంపురానికో విశాఖపట్నానికో బస్సులో తిప్పడం ఎంత నరకమో మాకు తెలుసు. కానీ మీ వార్తలో పడకల లెక్క ఉందే తప్ప, ఎక్కించిన మందుకు గడ్డ లొంగుతోందో లేదో ఎవరు చూస్తారన్న మాట లేదు.

నిరుడు మా చెల్లెలికి రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషన్‌కు ముందే కీమో ఇస్తే గడ్డ చిన్నదై, రొమ్ము మొత్తం తీయనవసరం రాకపోవచ్చునని డాక్టరు చెప్పారు. అది సరైన మాటే. అయితే ఆ పద్ధతి ఎంచుకున్నప్పుడు మొదట్లో, మధ్యలో, చివర్లో గడ్డను కొలవాలి కదా! ఆమె కేసు షీటు ఇప్పుడు నా ముందే ఉంది. మొదటి పేజీలో బాల్‌పెన్నుతో "4 సెం.మీ." అని రాశారు. ఆ తర్వాత ఎనిమిది సైకిళ్లకూ, అంటే ఎనిమిది విడతల కీమోకూ, "గుడ్" అన్న ఒక్క మాటే ఉంది. ఒక్క అంకె లేదు, ఒక్క స్కానింగ్ లేదు. గడ్డ పొడవు కనీసం 30 శాతం తగ్గితేనే పాక్షికంగా లొంగినట్టు లెక్క అని మందుకు గడ్డ ఎంత లొంగిందో కొలవడానికి డాక్టర్లు వాడే 2009 నాటి రెసిస్ట్ ప్రమాణాలు చెబుతున్నాయి. "గుడ్" అంటే ఎంత శాతమో ఎవరికి తెలుసు? మందు పనిచేయక గడ్డ పెరుగుతుంటే, ఆ సంగతి మధ్యలోనే తెలిస్తేగాని మందు మార్చడమో త్వరగా ఆపరేషన్ చేయడమో కుదరదు. చేత్తో నొక్కి చూస్తే సరిపోదు. క్యాన్సర్ కణాలు చచ్చిన చోట మిగిలిన మచ్చ కూడా గట్టిగానే తగులుతుంది. ఏమీ తగలకపోయినా లోపల కణాలు చెదురుమదురుగా మిగిలి ఉండవచ్చు. ఎం.ఆర్.ఐ. అందుబాటులో లేని చోట కనీసం అల్ట్రాసౌండ్ అయినా తీయాలి.

అంతకంటే బాధాకరమైనది క్లిప్పు సంగతి. కీమో మొదలుపెట్టే ముందే గడ్డలో గోధుమగింజ కంటే చిన్న లోహపు క్లిప్పు పెడితే, గడ్డ పూర్తిగా కరిగిపోయినా సర్జనుకు ఆ చోటు దొరుకుతుంది. మా చెల్లెలికి అది పెట్టలేదు. గడ్డ చేతికి తగలడం లేదని అందరం ఆనందపడ్డాం. తీరా ఆపరేషన్ వేళకు ఎక్కడ కోయాలో ఆనవాలు లేక రొమ్మంతా తీసేశారు.

ఆ తర్వాత, తీసిన భాగాన్ని పరీక్షించి ఇచ్చిన పాథాలజీ రిపోర్టు రెండే పంక్తులు: "కొద్దిగా మిగిలి ఉంది" అని. మిగిలిన గడ్డ కొలత, అందులో క్యాన్సర్ కణాల శాతం, చంకలో క్యాన్సర్ సోకిన గ్రంథుల లెక్క కలిపి, కీమో తర్వాత ఎంత క్యాన్సర్ మిగిలిందో చెప్పే ఆర్.సి.బి. పద్ధతి 2007 నుంచి ఉంది. మా చెల్లెలిది ట్రిపుల్ నెగటివ్ రకం, అంటే హార్మోన్ మందులకూ హెర్2 మందులకూ లొంగని రకం. ఆ రకంలో కీమో తర్వాత కూడా క్యాన్సర్ మిగిలినవారికి కాపెసిటబీన్ అనే కీమో మాత్రలు మేలు చేస్తాయని 2017లో జపాన్, కొరియా వైద్యులు నిరూపించారు. కాబట్టి ఏం మిగిలిందన్న దాన్ని బట్టే ఆమెకు తర్వాతి మందు నిర్ణయం కావాలి. అది తేల్చుకోవడానికి, తీసిన గడ్డ ముక్కలు అంటించిన గాజు స్లైడ్లు చీర మడతలో చుట్టుకుని రెండుసార్లు విశాఖపట్నం తిరిగాం.

అధికారులు కేంద్రాలు ప్రారంభించి వెళ్లిపోతున్నారు. రేడియాలజిస్టు, పాథాలజిస్టు పోస్టులు నింపాలన్న ధ్యాస లేదు. ఒడిశా ఆరోగ్య కార్డు ఉన్నవాళ్లు ఆంధ్రాలోనూ, ఆంధ్రా కార్డు ఉన్నవాళ్లు ఇక్కడా పరీక్షలకు సొంత డబ్బే పెట్టుకోవలసి వస్తోందని మా వీధిలో ఎందరో వాపోతున్నారు. ఇదే వీధిలో ఇంకొకామెకు మొన్న సోమవారం మొదటి సైకిల్ ఇవ్వబోతే, ముందు క్లిప్పు పెట్టమని అడగమని చెప్పి పంపాను. కొనుగోలు జాబితాలో ఆ వస్తువే లేదన్నారట. ఆ జాబితాలో దాన్ని చేర్చవలసిన అధికారి ఎవరో మీ విలేకరి చేత అడిగించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా